కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ వయసెంత? 1946, 1972, 2008... ఏది లెక్క?

గోదారిగట్టు
మా అన్నయ్య కొడుక్కి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. కాకినాడ జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీలో ఎలక్ట్రికల్ సీటు రావచ్చని ఇంట్లో లెక్కలు వేస్తున్నారు. ఆ కాలేజీ గురించి నాలుగు ముక్కలు తెలుసుకుందామని కూర్చుంటే తల తిరుగుతోంది. ఒకచోట స్థాపన 1946 అని ఉంది, ఒకచోట 1972, ఇంకోచోట 2008. విశాఖపట్నంలో పుట్టిందని ఒకరు, కాదు మొదటి నుంచీ కాకినాడే అని ఇంకొకరు. మన జిల్లాల్లో వీధికి నలుగురు ఇంజనీర్లున్నారు. వాళ్ళలో ఇద్దరు కూడా ఒకే మాట చెప్పడం లేదంటే నాకు బాధగా ఉంది. తెలిసినవాళ్ళు వరసగా చెప్పండి.

పిఠాపురం_మెకానికల్
మూడు సంవత్సరాలూ సరైనవే. మూడు వేర్వేరు సంగతులవి.

1946లో మద్రాసు ప్రభుత్వం విశాఖపట్నంలో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టింది. అప్పుడు దాని పేరు కూడా 'కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్, వైజాగపటం'. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. రోడ్లు వేయాలి, వంతెనలు కట్టాలి, కరెంటు లైన్లు లాగాలి, చేసే ఇంజనీర్లు లేరు. అంతకుముందు మన కోస్తా కుర్రాడు సర్కారు కాలేజీలో ఇంజనీరింగ్ చదవాలంటే మద్రాసు మెయిలెక్కి అక్కడి గిండీ ఇంజనీరింగ్ కాలేజీకి పోవాల్సిందే. హైదరాబాద్‌లో ఉస్మానియా కాలేజీ 1929 నుంచే ఉన్నా అది నిజాం రాజ్యం, వేరే లోకం. అనంతపురం కాలేజీ కూడా 1946దే. అది గిండీ ఆవరణలో మొదలై తర్వాత అనంతపురం చేరింది.

మనది విశాఖలో మొదలై కొద్దికాలానికే కాకినాడ వచ్చింది. చాలా ఏళ్ళు గవర్నమెంటు ఇంజనీరింగ్ కాలేజీగా ఉంది, డిగ్రీలు ఆంధ్రా యూనివర్సిటీవి. 1972 అక్టోబరు 2న జేఎన్‌టీయూ ఏర్పడింది. కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీలు, హైదరాబాద్‌లోని లలిత కళల కాలేజీ దాని కిందకు వచ్చాయి. ఆ హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ 1965లో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీ పేరుతో మొదలైంది. అంటే మన కాలేజీ యూనివర్సిటీ కంటే 26 ఏళ్ళు పెద్దది.

2008 ఆగస్టులో జేఎన్‌టీయూని నాలుగుగా విడదీశారు. హైదరాబాద్, కాకినాడ, అనంతపురం, నాలుగోది లలిత కళలు, ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ. అలా కాలేజీ 1946ది, మాతృ విశ్వవిద్యాలయం 1972ది, కాకినాడ యూనివర్సిటీ 2008ది.

కాజా_ప్రియ
మా అమ్మ కూడా వైజాగ్‌లో పుట్టి కాకినాడలో పెరిగింది. మీ ఊరేదంటే కాకినాడనే చెప్తుంది. కాలేజీకీ అదే లెక్క.

గోదారిగట్టు
పిఠాపురం గారూ, ఇంత స్పష్టంగా ఎక్కడా దొరకలేదండి. వాడికి చదివి వినిపించాను. "అయితే తాతయ్య చదివినప్పుడు యూనివర్సిటీ లేదా?" అని అడిగాడు. మా పెదనాన్న డిగ్రీ మీద ఆంధ్రా యూనివర్సిటీ అని ఎందుకుందో ఇప్పుడు తెలిసింది.

ఈఈఈ_2003
పిఠాపురం గారు చెప్పిన తేదీలతో నాకు పేచీ లేదు. ఆ తేదీలను వాడుకునే తీరుతోనే పేచీ. కాలేజీ 1946 అని వేసుకోవాలి, వేసుకోవడం దాని హక్కు. యూనివర్సిటీ చరిత్ర రాసేటప్పుడు కూడా 1946 నుంచి మొదలుపెడితే మధ్యలో విషయం మాయమవుతుంది. 2008లో కాకినాడకు వచ్చింది కొత్త బాధ్యత. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఎనిమిది కోస్తా జిల్లాల్లో వందల ప్రైవేటు కాలేజీలకు సిలబస్, పరీక్షలు, డిగ్రీలు అన్నీ ఇక్కడి నుంచే. ఒక పాత కాలేజీ అంత బరువు మోయడం 1946 కథలో లేదు. అది వేరే అధ్యాయం, దాన్ని దాని పేరుతోనే రాయాలి.

ఆర్16_బ్యాచ్
ఆ అధ్యాయంలో మేమున్నాం అన్నా. సిలబస్ మారినప్పుడల్లా ఒక కొత్త రెగ్యులేషన్: ఆర్10, ఆర్13, ఆర్16, ఆర్19, ఆర్20, ఇప్పుడు ఆర్23. మా ఇంట్లో అక్కకీ నాకూ తమ్ముడికీ ఒకే బ్రాంచి, మూడు రెగ్యులేషన్లు. అక్క పుస్తకాలు నాకు సగం పనికొచ్చాయి, నావి తమ్ముడికి ఇంకో సగం.

కాజా_ప్రియ
ఇంట్లోనే మ్యూజియం పెట్టొచ్చు మీరు.

పిఠాపురం_మెకానికల్
ఈఈఈ తమ్ముడూ, నువ్వన్నది ఒప్పుకుంటున్నా ఒక సంగతి మర్చిపోవద్దు. 2008లో విడదీసినప్పుడు ఇక్కడ చాలామంది పెదవి విరిచారు. హైదరాబాద్ పేరు పోతుంది, బ్రాండు పోతుంది అన్నారు. 2014లో రాష్ట్రం విడిపోయింది, జేఎన్‌టీయూ హైదరాబాద్ తెలంగాణకు వెళ్ళింది. అప్పటికి కాకినాడకీ అనంతపురానికీ సొంత పరీక్షల విభాగం, సొంత పాలన ఉన్నాయి కాబట్టి కోస్తా, సీమ పిల్లల చదువు ఆగలేదు. లేకపోతే లక్షలమంది మార్కుల లిస్టుల పంపకం జరిగి ఉండేది. నా దృష్టిలో 2008 విభజన మనకు మేలు చేసింది.

ఈఈఈ_2003
మేలు సంగతి సరే. మా బ్యాచ్ డిగ్రీ మీద 'కాకినాడ' అన్న మాట లేదు. ఒక కంపెనీలో సర్టిఫికెట్లు చూసే అమ్మాయి "మీ రెజ్యూమ్‌లో జేఎన్‌టీయూ కాకినాడ అని ఉంది, డిగ్రీ మీద లేదు, ఎందుకు?" అని మూడు మెయిల్స్ పెట్టింది. 1972 నుంచి కథంతా రాసి పంపాను. ఉద్యోగం వచ్చింది కానీ ఆ వారం పడ్డ టెన్షన్ ఎప్పటికీ మర్చిపోను. అందుకే ఇలాంటి చరిత్ర ఒకచోట సరిగ్గా రాసి ఉండాలని నా పట్టుదల.

బొబ్బిలి_వీణ
ఎనిమిది జిల్లాలు అన్నారు, అది 2022 వరకే. విజయనగరం కాలేజీని 2007లో పెట్టారు, 2022లో దాన్నే జేఎన్‌టీయూ గురజాడ యూనివర్సిటీ చేశారు. పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల కాలేజీలు అటు వెళ్ళాయి. విశాఖలో పుట్టిన కాలేజీ నుంచి ఉత్తరాంధ్ర మళ్ళీ విడిగా కాపురం పెట్టింది.

లంకపొలం
మొదటి నుంచీ చదువుతున్నాను. వయసు, డిగ్రీ, బ్రాండు... అన్నీ బాగున్నాయండి. నేను రైతుని, ముక్కుసూటిగా ఒకటి అడుగుతాను. ఆ క్యాంపస్ దగ్గర్లోనే మా పొలం, ఇన్నేళ్ళలో అక్కడి నుంచి ఒక్క మనిషి మా గట్టు మీదకు రాలేదు. మార్టేరు వరి పరిశోధనా స్థానం వాళ్ళు మాత్రం మినీకిట్ (కొత్త రకం వేసి చూడమని చిన్న విత్తన సంచి) ఇచ్చి, మళ్ళీ వచ్చి, దుబ్బుకు ఎన్ని పిలకలొచ్చాయో లెక్కపెట్టుకుని వెళ్ళారు. గోదావరి జిల్లాల్లో పరిశోధన అంటే నాకు గుర్తొచ్చేది మార్టేరే. దాని చరిత్ర ఎవరూ ఎందుకు అడగరు?

పెనుగొండ_పాప
లంకపొలం బాబాయ్‌కి నా ఓటు. మార్టేరు మీదుగా తణుకు పోయే బస్సులో ఆ పచ్చటి చేలు చూస్తూ పెరిగాను. అది పరిశోధనా స్థానం అని డిగ్రీకి వచ్చాక కానీ తెలియలేదు, మామూలు పొలాలే అనుకునేదాన్ని.

మార్టేరు_మాస్టారు
నేను ఆ స్థానంలో చిన్న ఉద్యోగం చేసి రిటైరయ్యాను. శాస్త్రవేత్తను కాదు, పొలంలో వాళ్ళతో నడిచినవాణ్ణి. అడిగారు కాబట్టి చెప్తాను.

మార్టేరు వరి పరిశోధనా స్థానం 1925లో మొదలైంది. అంటే కాకినాడ కాలేజీ కంటే 21 ఏళ్ళు ముందు. అది కూడా మద్రాసు ప్రభుత్వం పెట్టిందే. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందకు వచ్చింది. ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. ఎంటీయూ అని వరి రకాల ముందు ఉండే మూడు అక్షరాలు మార్టేరువే.

పాతకాలంలో డెల్టాలో అక్కుళ్ళు, కృష్ణకాటుకలు లాంటి పొడవు రకాలు. గింజ బరువెక్కే సమయానికి కార్తీకంలో తుఫాను గాలి వచ్చేది, చేను నేలకు పడిపోయేది. ఎరువు ఎక్కువేస్తే ఇంకా పొడుగై ఇంకా ముందే పడేది. తర్వాత మసూరి వచ్చింది. అన్నం బాగుంటుంది, అదీ పడిపోతుంది. ఆ మసూరినీ మన వశిష్ఠ అనే రకాన్నీ కలిపి చేసినదే స్వర్ణ, ఎంటీయూ 7029. విడుదల 1982లో. పొట్టి మొక్క, గట్టి కాడ, ఐదు నెలల సార్వా (వానాకాలం) పంట, ఎరువు తక్కువైనా నిరాశపరచదు. అందుకే పేద రైతు చేలో నిలబడింది. ఇక్కడి నుంచి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పోయింది.

రెండు రకాలను కలపడం అంటే ఏమిటో చెప్తాను. సాయంత్రం పూట తల్లి రకం కంకిలో ఒక్కో పువ్వు పై కొస కత్తిరించి, లోపల ఆరు పుప్పొడి తిత్తులుంటాయి, వాటిని పగలకుండా తీసెయ్యాలి. కాగితం సంచి తొడగాలి. మర్నాడు పొద్దెక్కాక తండ్రి రకం కంకి తెచ్చి, పుప్పొడి రాలేలా దులిపి, మళ్ళీ సంచి కట్టాలి. అంత కష్టపడితే గుప్పెడు గింజలు కూడా రావు. ఆ గింజల నుంచి తరం తర్వాత తరం పెంచుతూ, లక్షణాలు స్థిరపడేదాకా ఏరుతూ పోవాలి. తర్వాత స్థానంలో దిగుబడి పరీక్షలు, ఇతర కేంద్రాల్లో పరీక్షలు, ఆ తర్వాతే రైతుకు మినీకిట్. పదేళ్ళు మామూలు. మొదలుపెట్టిన శాస్త్రవేత్త బదిలీ అయిపోతాడు, ఇంకొకరు అందుకుంటారు, విడుదల రోజున వేరొకరు ఉంటారు. ఆ నోటు పుస్తకం మాత్రం చేతులు మారుతూ వస్తుంది. నాకు ఆ పుస్తకాలంటే గుడిలో విగ్రహమంత గౌరవం.

లంకపొలం
మాస్టారూ, దణ్ణం.

ఏజీ_బీఎస్సీ
మాస్టారు ఆపిన చోటి నుంచి కాస్త చెప్తాను. స్వర్ణకు సుడిదోమ (దుబ్బు రసం పీల్చే పురుగు) బెడద ఉంది. దాన్ని తట్టుకునేలా తర్వాత విజేత 1001, ఇంద్ర 1061, అమర 1064 వచ్చాయి. దాళ్వాకు (రెండో పంటకు) తక్కువ రోజుల్లో వచ్చే కాటన్‌దొర సన్నాలు 1010 ఉంది. మన కృష్ణవేణిని ఫిలిప్పీన్స్‌లోని ఇర్రి (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ) వాళ్ళ ఐఆర్ 64తో కలిపి చేశారు దాన్ని. ఇంకోటి, ఒడిశా దేశవాళీ రకం ఎఫ్‌ఆర్ 13ఏ నుంచి ముంపును తట్టుకునే జన్యువును తీసి ఇర్రిలో స్వర్ణలో చేర్చారు. స్వర్ణ సబ్1 పేరుతో 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా నీట మునిగినా మళ్ళీ చిగురిస్తుంది. ప్రపంచంలో ముంపు రకాల గురించి ఎక్కడ పాఠం చెప్పినా మార్టేరు బిడ్డ పేరు వస్తుంది.

పిఠాపురం_మెకానికల్
మార్టేరు గొప్పదనం మీద రెండో మాట లేదు. లంకపొలం గారి ప్రశ్నకు మాత్రం నేను ఒప్పుకోను. ఇంజనీరింగ్ కాలేజీ పని మనుషుల్ని తయారు చేయడం. విత్తనానికి సంచి మీద పేరుంటుంది. మీ ఊరి సబ్‌స్టేషన్ డిజైన్ చేసిన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) పేరు ఎక్కడా ఉండదు. ఇరిగేషన్, రోడ్లు భవనాలు, విద్యుత్ శాఖ... ఏ ఆఫీసుకు వెళ్ళినా కాకినాడలో చదివినవాళ్ళు తగిలేవారు. అది మీ గట్టు మీదకు కాలువ నీరై వచ్చింది బాబాయ్.

లంకపొలం
నీరు కాటన్ దొర ఇచ్చాడు.

ధవళేశ్వరం_లస్కరు
కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, నిజమే. ఇవాళ మీ పొలానికి నీరిచ్చేది ఆ ఆనకట్ట కాదు. దాని స్థానంలో కట్టిన బ్యారేజీ. 1970ల్లో కట్టారు, పూర్తయింది 1982లో. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు పాయల మీద కలిపి 175 గేట్లు. పాత ఆనకట్ట మీద నుంచి వరద పొర్లిపోయేది, ఇప్పుడు గేట్లు ఎత్తి దింపి మట్టం పట్టుకుంటాం. మా నాన్న దాని పనుల్లో కూలీ, నేను లస్కరుగా చేశాను. 1986 ఆగస్టు వరదలో ఆ గేట్ల మీద నిలబడ్డ ఇంజనీర్లను మా నాన్న చూశాడు. రాత్రంతా ఎవరూ దిగలేదట. వాళ్ళు ఎక్కడ చదివారో నాకు తెలియదు కానీ అలాంటివాళ్ళను చదివించిన కాలేజీని తక్కువ చేయొద్దు.

పెనుగొండ_పాప
స్వర్ణ 1982, బ్యారేజీ 1982! ఒకే ఏడాది డెల్టాకు విత్తనం, నీరు రెండూ కొత్తవి వచ్చాయన్నమాట. ఎవరైనా ఎప్పుడైనా ఇది గమనించారా?

సివిల్_అక్క
పాపా, నేను గమనించలేదు, ఇప్పుడు ఒళ్ళు జలదరించింది.

నేను కాకినాడలో సివిల్ చదివాను, ఆ తర్వాత ఇరిగేషన్‌లో డ్రైనేజీ పనులు చూశాను. గోదావరి ఇసుక మీద ఆనకట్ట ఎలా నిలబడుతుందో మాకు పాఠం ఉండేది. అడుగున రాయి లేదు, ఇసుకే. నీరు కట్టడం కింద నుంచి పాకుతూ అవతల తేలుతుంది. ఆ పాకుడు దూరం చాలకపోతే నీటితో పాటు ఇసుక కూడా కొట్టుకుపోయి పునాది బోలైపోతుంది. బ్లై లెక్క, ఖోస్లా లెక్క అని గంటలకొద్దీ బోర్డు మీద వేసేవారు మా మాస్టారు. పుస్తకంలో అది బొమ్మ. ధవళేశ్వరం తీసుకెళ్ళి చూపించినప్పుడు నది అవతలి గట్టు కనపడక నోట మాట రాలేదు. ఇసుక మీద ఇంత బరువు ఇన్నేళ్ళు ఎలా ఆగిందో అక్కడ నిలబడితేనే బుర్రకెక్కుతుంది. గోదావరి పక్కన ఇంజనీరింగ్ చదవడంలో ఉన్న అదృష్టం ఇదే. ఆ అదృష్టాన్ని ఇప్పటి పిల్లలకు కూడా ఇవ్వాలి, బస్సు పెట్టి తీసుకెళ్ళాలి.

ఇంకొకటి. ముంపును తట్టుకునే విత్తనం ఉంది కదా అని డ్రెయిన్లు వదిలేయకూడదు. అక్టోబరు, నవంబరు వానల్లో చేలో నీరు దిగకపోవడానికి మురుగు కాలువల్లో పూడిక, గుర్రపుడెక్క పెద్ద కారణాలు. మార్టేరు విత్తనం కొన్ని రోజులు ఓర్చుకుంటుంది, ఆ రోజుల్లోగా నీరు తీయాల్సింది ఇంజనీరు. ఈ ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోవడం నా సర్వీసులో చాలా అరుదుగా చూశాను. లంకపొలం గారి కోపంలో న్యాయం అక్కడుంది.

లంకపొలం
అక్కా, మా బాధ అదే. ఇంత విడమర్చి చెప్పడం నాకు రాలేదు.

కోనసీమ_కొబ్బరి
వరి దగ్గరే ఆగిపోతున్నారు. అంబాజీపేట కొబ్బరి పరిశోధనా స్థానం మర్చిపోయారా? గంగబొండం అనే కొబ్బరి రకం నుంచి ఎంపిక చేసిన గౌతమి గంగ, దాన్ని తూర్పుకోస్తా పొడుగు రకంతో కలిపిన గోదావరి గంగ అక్కడివే. 2016 తర్వాత సర్పిలాకార తెల్లదోమ మా తోటల మీద పడింది. ఆకుల కింద తెల్లగా బూజు, పైన నల్లటి మసి. మందు కొడదామంటే అంత ఎత్తు చెట్టుకు ఎలా కొడతాం? పైగా మిత్ర పురుగులు చస్తాయి. అంబాజీపేట వాళ్ళు ఐసేరియా అనే శిలీంద్రాన్ని ల్యాబ్‌లో పెంచి ఇచ్చారు, దోమను తినే పురుగులను కూడా పెంచి వదిలించారు. మా జిల్లాలోనే జవాబు దొరికింది. ఇప్పుడది వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉంది. ఆ యూనివర్సిటీ 2007ది.

కాజా_ప్రియ
కొవ్వూరు అరటి స్థానం కూడా రాయండి. చక్కెరకేళి తినేవాళ్ళ తరఫున అడుగుతున్నా.

రాజమండ్రి_రేవు
రాజమండ్రి పొగాకు పరిశోధన కేంద్రం 1947. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే. ఇప్పుడు పేరు మార్చి మిర్చి, పసుపు లాంటి వాణిజ్య పంటలు కూడా అప్పగించారు. పొగాకు తగ్గాలనే రోజుల్లో అంత పెద్ద కేంద్రాన్ని మూసేయకుండా పని మార్చడం మంచి నిర్ణయం.

నరసాపురం_గ్యాస్
నాది ఒక ఫిర్యాదు. గ్యాస్, చమురు మన కింద. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుంటే మంట రెండు నెలలు ఆరలేదు, ఊళ్ళు ఖాళీ చేసింది మనం. 2016లో పెట్రోలియం యూనివర్సిటీ వస్తే అది విశాఖలో పెట్టారు. కాకినాడకో అమలాపురానికో ఎందుకు రాకూడదు?

పిఠాపురం_మెకానికల్
మీ ఆవేదన అర్థమైంది. జేఎన్‌టీయూ కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ కోర్సు ఉంది. దాన్ని బలపరచమని అడగడం మనం చేయగలిగిన పని. బావుల నుంచి గంటన్నర దూరంలో కోర్సు ఉండటం చిన్న విషయం కాదు.

నరసాపురం_గ్యాస్
కోర్సు వేరు, సంస్థ వేరు. సంస్థకు కేంద్రం డబ్బులొస్తాయి. పాశర్లపూడి మంట దగ్గర్నుంచి చూసిన పిల్లాడు బావి భద్రత మీద పరిశోధన చేస్తే ఎంత పట్టుదలగా చేస్తాడో ఆలోచించండి. ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను.

గూడెం_రన్‌వే
మా తాడేపల్లిగూడెం మాత్రం అదృష్టవంతురాలు. 2015లో ఎన్ఐటీ వచ్చింది, దేశంలో 31వది. మొదట్లో వరంగల్ ఎన్ఐటీ చెయ్యిపట్టి నడిపించింది. క్లాసులు ఊళ్ళోని వాసవి ఇంజనీరింగ్ కాలేజీలో పెట్టారు, తర్వాత యుద్ధకాలపు పాత విమానాశ్రయం స్థలంలో సొంత క్యాంపస్ కట్టారు. చిన్నప్పుడు ఆ రన్‌వే మీద సైకిల్ నేర్చుకున్నాం. ఇప్పుడు అక్కడ దేశం నలుమూలల పిల్లలు తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది.

ఆర్16_బ్యాచ్
ఒక మాట ఎవరూ అనలేదు. ఇన్ని పరిశోధన కేంద్రాలు యాభై అరవై కిలోమీటర్లలో ఉన్నాయి. నేను నాలుగేళ్ళు ఈసీఈ చదివాను. నా మెయిన్ ప్రాజెక్టు హైదరాబాద్‌లో ఒక షాపులో కొనుక్కొచ్చాం, మా కాలేజీలో అందరూ అంతే. తేమ కొలిచే సెన్సార్ ప్రాజెక్టు. అదే ప్రాజెక్టు మార్టేరు మడిలో పెట్టి, మాస్టారు లాంటివాళ్ళ దగ్గర నేర్చుకుని ఉంటే? మా బస్సు రోజూ ఆ గేటు ముందు నుంచే వెళ్ళేది. ఇప్పుడు తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఈఈఈ_2003
తమ్ముడూ, ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన పోస్టు నీదే. నేను 1946నా 2008నా అని కొట్లాడింది ఇందుకే. 1946లో పెట్టినప్పుడు ఉద్దేశం స్పష్టం: ఈ ప్రాంతానికి కావాల్సిన పనులకు మనుషులు కావాలి. వందల కాలేజీల పరీక్షలు నడపడంలో ఆ ఉద్దేశం వెనక్కి పోయింది. ఇప్పుడు పెద్ద ప్రైవేటు కాలేజీలు ఒక్కొక్కటీ అటానమస్ అయిపోయి తమ ప్రశ్నపత్రాలు తామే పెట్టుకుంటున్నాయి. యూనివర్సిటీ మీద ఆ బరువు తగ్గే కొద్దీ ల్యాబులకూ పొలాలకూ సమయం దొరకాలి. పీహెచ్‌డీ చేసే పిల్లలకు డెల్టా సమస్యలే ఇవ్వొచ్చు. ఉప్పునీరు ఎక్కడిదాకా చొచ్చుకొస్తోంది, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లకు కరెంటు ఎలా తగ్గించాలి, మురుగు కాలువలో నీటి మట్టం ఎలా కొలవాలి... ఎన్ని లేవు?

సివిల్_అక్క
ఏరేటర్ల మాట బాగా చెప్పారు. రొయ్యల చెరువుల కరెంటు బిల్లు చూస్తే ఎలక్ట్రికల్ వాళ్ళకు జీవితాంతం పని. నరసాపురంలో ఫిషరీస్ యూనివర్సిటీకి 2022 నవంబరులో శంకుస్థాపన చేశారు. అది నిలదొక్కుకుంటే కాకినాడతో మొదటి రోజు నుంచే ఒప్పందం ఉండాలి.

పిఠాపురం_మెకానికల్
ఇదంతా జరగాలంటే ముందు జరిగినది రాసి పెట్టుకోవాలి. విశాఖలో మొదటి బ్యాచ్‌లో చేరినవాళ్ళు ఇప్పుడు ఉంటే తొంభై అయిదు దాటి ఉంటారు. కాకినాడ వచ్చిన తొలి రోజుల వాళ్ళదీ ఇంచుమించు అదే వయసు. మీ ఇళ్ళల్లో పాత కాలేజీ పత్రికలు, గ్రూప్ ఫొటోలు, ల్యాబ్ రికార్డులు ఉంటే పారేయకండి. ఫోన్‌తో ఫొటో తీసి సంవత్సరం, బ్రాంచి రాసి ఇక్కడ పెట్టండి. పేర్లు పెట్టే ముందు వాళ్ళనో వాళ్ళ పిల్లలనో అడగండి. నేను వరసలో పేర్చి పెడతాను.

గోదారిగట్టు
మా పెదనాన్న సర్వే క్యాంపు ఫొటో ఉంది. అందరూ నిక్కర్లు, టోపీలు, ముందు థియోడలైటు. ఆదివారం ఊరు వెళ్ళి వెనక ఏం రాసుందో చూసి పెడతాను.

కాజా_ప్రియ
సర్వే క్యాంపులో వంట ఎవరు చేశారో కూడా కనుక్కోండి. ఆ చరిత్ర ఎవరూ రాయరు.

మార్టేరు_మాస్టారు
మార్టేరు వైపు కూడా అలాగే చేద్దాం. కంకులకు సంచులు కట్టిన కూలీ ఆడవాళ్ళు చాలామంది ఇంకా ఉన్నారు. కొందరి చేతి నైపుణ్యం చూసి కొత్తగా వచ్చిన శాస్త్రవేత్తలు వాళ్ళ దగ్గర నేర్చుకునేవారు. వాళ్ళ మాట రికార్డు చేసేవాళ్ళు కావాలి. నాకు ఫోన్‌లో అంత బాగా రాదు.

ఏజీ_బీఎస్సీ
నేను వస్తాను మాస్టారూ. సెలవుల్లో తణుకులోనే ఉంటాను.

ఆర్16_బ్యాచ్
నేనూ వస్తా. ఆ గేటు లోపలికి ఈసారైనా వెళ్తాను.

లంకపొలం
మాస్టారూ, పనిలో పని ఒకటి అడగాలి. ఈ సార్వాకు స్వర్ణ పక్కనే ఎంటీయూ 1318 వేద్దామనుకుంటున్నాను. మా వైపు గాలి ఎక్కువ, చేను కాలువకు పల్లంలో ఉంది. నిలబడుతుందా?

మార్టేరు_మాస్టారు
1318 కాడ గట్టిదే, స్వర్ణ వేసే చోట చాలామంది వేస్తున్నారు. పల్లం చేను అంటున్నావు కాబట్టి నారు ముదరనివ్వకుండా ఊడ్చు, యూరియా ఒకేసారి కుమ్మరించకు, మూడు దఫాలు చెయ్యి. ప్రతి రెండు మీటర్లకూ కాలిబాట తీయి, సుడిదోమ వస్తే కనపడుతుంది, గాలి ఆడుతుంది. ఒక మడిలో స్వర్ణ, పక్క మడిలో ఇది, రెండింటికీ ఒకే ఎరువు వేసి చూడు.

లంకపొలం
అలాగే చేస్తాను. మాసూళ్ళయ్యాక రెండు మడుల తూకాలూ ఇక్కడే పెడతాను.